లెక్కల కేంద్రంలో కొత్త కోడలు

ఒక సోమవారం ఉదయం షార్షెన్ బైకే ఒళ్లో పాలు కలిపిన వేడి టీ ఒలికింది. గిన్నె ఆయన చేతిలోనే ఉంది. పట్టుకున్నవి ఆయన వేళ్లే. మోచెయ్యి తగిలేంత దగ్గరలో ఎవరూ లేరు, గాలి కూడా వీయడం లేదు. ఆయన లేచి నిలబడ్డాడు, ప్యాంటు దులుపుకొన్నాడు, ఏమాత్రం తొణక్కుండా కిటికీలోంచి పెరటి అవతల ఉన్న భవనం వైపు వేలు చూపించి, "కోడలి పని," అన్నాడు. ఆ భవనంలో, తాళం వేసిన గదిలో, కరెంటు తీసేసి దుప్పటి కప్పితే శనివారం సాయంత్రం నుంచి నిద్రపోతున్నది మా కంప్యూటరు.

బైకే అంటే మా వైపు అన్నగారని. షార్షెన్ బైకేకి ఉన్న గుణం ఇదొక్కటే. మిగతా విషయాల్లో ఆయన నారిన్ పట్టణంలోని ఏ మర్యాదస్థుడికీ తీసిపోడు. పెద్దల్ని గౌరవించేవాడు, గుర్రాల గురించి అబద్ధాలు చెప్పేవాడు, చలికాలంలో టోపీ చెవుల మీదికి లాక్కునేవాడు. కానీ లోకంలో ఏ తప్పు జరిగినా, అది చేసింది కంప్యూటరే. పైగా ఆయన ఆ కంప్యూటరుకే పెద్ద ఇంజనీరు. గుర్రాల డాక్టరు ఒకడు ఊళ్లో జరిగిన దొంగతనాలన్నీ గుర్రమే చేసిందని పంచాయితీలో చెబుతూ తిరిగితే ఎలా ఉంటుందో, మాకు రోజూ అలా ఉండేది.

మాది గొర్రెల లెక్కల కేంద్రం. గుమ్మం మీది బోర్డులో పేరు ఇంకా గంభీరంగా, మూడు వరుసల్లో ఉండేది గానీ, లోపల జరిగేది గొర్రెల లెక్కే. చుట్టూ కొండల మీద ఏ కాపరి దగ్గర ఎన్ని గొర్రెలున్నాయి, ఎన్ని ఈనాయి, ఎంత ఉన్ని దిగింది అన్న కాగితాలు జిల్లాల నుంచి వచ్చేవి. చిల్లుల హాలని మేం పిలుచుకునే పెద్ద గదిలో అమ్మాయిలు వరసగా కూర్చుని, మీటలు నొక్కి, ఆ పేర్లనూ అంకెలనూ అట్టకార్డుల మీద చిల్లులుగా పొడిచేవాళ్లు. ఆ కార్డుల పెట్టెను కంప్యూటరు మింగేది. మింగి, కాసేపు పిండిమరలా రొద పెట్టి, పొడుగాటి కాగితం మీద మొత్తాలు కక్కేది. ఆ కాగితం రాజధాని ఫ్రూంజెకి వెళ్లేది. అక్కడ దాన్ని ఎవరైనా చదువుతారా లేదా అన్నది మాకు చాలాకాలం తెలియలేదు. ఒకసారి చదివారు. ఆ సంగతికి వస్తాను.

కంప్యూటరు చేత ఆ కూడికలు చేయించే ప్రోగ్రాములు రాయడం నా ఉద్యోగం. అప్పటికి నాకు పెళ్లి కాలేదు, అందువల్ల లోకంలో అన్నీ తెలుసు.

అది మా ఊరొచ్చిన రోజు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. రైలు దిగి, లారీలెక్కి, రెండు కనుమలు దాటి, పెట్టెలు పెట్టెలుగా వచ్చింది. విప్పితే మనిషి ఎత్తు ఇనప బీరువాలు. మా డైరెక్టరు ఒస్మోన్‌కులోవ్ విజ్ఞానం గురించి ప్రసంగం రాసుకొని జేబులో పెట్టుకున్నాడు. ఆయన అది బయటికి తీసేలోపే షార్షెన్ బైకే ఒక తెల్లటి తలగుడ్డ తీసి, కొత్త పెళ్లికూతురికి కట్టినట్టు మొదటి బీరువాకి కట్టేశాడు. చిల్లుల హాలు అమ్మాయిలకు అంతకన్నా ఏం కావాలి! గుప్పెళ్లతో మిఠాయిలూ, నూనెలో వేయించిన బోర్సోకులూ దాని నెత్తిన చల్లారు.

"షార్షెన్, ఏమిటీ అనాగరికం?" అన్నాడు డైరెక్టరు. "ఇది విజ్ఞానం!"

"విజ్ఞానమేనండీ. కాదన్నదెవరు? ఎక్కడో పుట్టి మనింటికొచ్చింది. మన భాష రాదు. ఎవరి దగ్గర ఎలా మసలుకోవాలో తెలీదు. కాస్త గట్టిగా ముట్టుకుంటే వణుకుతోంది. దీన్ని కోడలు అనక ఏమంటారు?"

"కంప్యూటరు అంటారు!"

"అది పుట్టింటి పేరు."

చల్లిన మిఠాయిల్లో ఒకటి కార్డులు చదివే పెట్టెలో పడింది. దాంతో మొదటి రోజున యంత్రం నోరు విప్పలేదు. షార్షెన్ బైకే మరలు ఊడదీసి, జిగటకట్టిన పంచదార గీకి తీసి, అందరి ముందూ దాని మీద కేకలు వేశాడు. "వచ్చిన పూటే మిఠాయి దొంగతనమా? మీ పుట్టింట్లో తిండి పెట్టలేదూ?" మిఠాయి విసిరిన అమ్మాయి తల దించుకొని నవ్వుకుంది. మేమంతా నవ్వాం. మొదటి రోజు కదా, నవ్వొచ్చింది.

ఆ తర్వాత బస్సు ఆలస్యమైతే కోడలు. గదిలో వేడి గొట్టాలు చల్లబడితే కోడలు. ఫుట్‌బాల్‌లో మా జట్టు ఓడిపోతే కూడా కోడలే. ఒకరోజు నేను పట్టుపట్టాను.

"బైకే, బస్సు డ్రైవరు తాగి పడుకున్నాడు. దానికీ కంప్యూటరుకీ ఏం సంబంధం?"

"డ్రైవరుకి జీతం లెక్క కట్టిందెవరు?"

"కంప్యూటరు."

"జీతం చేతికి రాకపోతే తాగేవాడా?"

ఇలాంటి మనిషితో వాదించేకంటే వేడి గొట్టాలతో వాదించడం నయం.

ఇంకోసారి కోపమే వచ్చింది. "అసలు కోడలంటే తిట్లు తినడానికే పుట్టిందా బైకే? ఆ మాటే దొరికిందా మీకు?" అని నిలదీశాను. ఆయన నా వైపు జాలిగా చూసి, "నన్నడుగుతావేం అమ్మాయ్? మీ అత్తగారు దొరికాక ఆవిణ్ణి అడుగు," అన్నాడు. నేను నెల్లాళ్లు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించినట్టు కూడా కనిపించలేదు.

ఒక వసంతంలో లెక్కలోంచి గుర్రం ఒకటి మాయమైంది. కాపరి దగ్గర ఉంది, జిల్లా కాగితంలో ఉంది, మా మొత్తంలో లేదు. ఏటా ఫ్రూంజెలో జరిగే లెక్కల కేంద్రాల సభలో ఈ సంగతి బయటపడింది. మిగతా ఊళ్ల ఇంజనీర్లు ఎప్పట్నుంచో కాచుకొని ఉన్నారు.

"ఏం షార్షెన్, మీ కోడలు కాపురం ఎలా చేస్తోంది?"

"ఏం చెప్పమంటారు," అని ఈయన నిండు సభలో నిట్టూర్చాడు. "మొన్న ఓ గుర్రాన్ని మింగేసింది."

హాలు హాలంతా విరగబడి నవ్వింది. మా డైరెక్టరు చెవుల దాకా కోటు కాలరెత్తుకున్నాడు. నేను బల్ల కింద ఏదో పడిపోయినట్టు వంగాను. ఆ తర్వాత గుర్రం ఉన్న కార్డు చిల్లుల హాల్లో వేడి గొట్టం వెనక దొరికింది. "కక్కేసిందన్నమాట. పోనీలే, తేలిగ్గా ఉంటుంది," అన్నాడు బైకే.

ఇంజనీరు చేయాల్సిన పని యంత్రం చెడిపోకుండా చూసుకోవడం. యంత్రం రోజూ చెడిపోతోందని తనంతట తనే చాటింపు వేసుకునే ఇంజనీరుని ఎక్కడైనా చూశారా? మా దుకాణంలో మాంసం కుళ్లిపోయింది బాబూ అని వీధిలో నిలబడి అరిచే కసాయిలా ఉండేది వ్యవహారం. కేంద్రం వరండాలో గౌరవ ఫలకం మీద ఉత్తమ పనివారి ఫోటోలుండేవి. ఆయన ఫోటో పైకెక్కడం, ఏదో ఒక సభ తర్వాత కిందికి దిగడం, దాని మేకుకి ఎన్నడూ విశ్రాంతి లేదు.

ఇంటి దగ్గరి సంగతి ఇంకా ఘోరం. ఆయన కొడుక్కి పెళ్లీడు వచ్చింది. కోడలి మీద ఇన్ని నేరాలు మోపే ఇంటికి ఎవరూ పిల్లనివ్వరు. చివరికి ఎక్కడో కొండల అవతలి నుంచి ఒక మంచి కుటుంబం చూసి పోవడానికి వచ్చింది. మాంసం ఉడుకుతోంది, టీ పోశారు, మాటలు కలిశాయి. సరిగ్గా అప్పుడే కేంద్రం నుంచి ఫోను వచ్చింది. బైకే ఫోనందుకొని, వచ్చినవాళ్లకు వీపు పెట్టి, గట్టిగా అరిచాడు: "మళ్లీనా? నిన్ననేగా బుద్ధి చెప్పాను దానికి! సరే, కరెంటు ఆపేసి ఓ పూట పస్తు పెట్టండి. అదే దారికొస్తుంది కోడలు!"

వచ్చినవాళ్లు గిన్నెల్లో టీ గిన్నెల్లోనే వదిలేసి వెళ్లిపోయారు. "అయ్యయ్యో, అది ఇనప కోడలండీ!" అని ఆయన భార్య వీధి చివరి దాకా వెంటపడిందట. దాంతో వాళ్లు ఇంకాస్త వేగంగా నడిచారట.

ఇంతలో చిల్లుల హాల్లో బురుల్చా చేరింది.

పెళ్లయి ఏడాది కాలేదు. భర్త కనుమ రోడ్డు మీద లారీ నడిపేవాడు, ఇంట్లో కనిపిస్తే పండగ. ఇంట్లో ఎప్పుడూ ఉండేది అత్త సైరకాన్. ఆవిడ గొంతు గురించి చెప్పాలంటే, బజారులో ఆవిడ బేరమాడితే నది అవతలి ఒడ్డున ధర తగ్గేది. కోడలు ఉద్యోగానికి వెళ్లడం ఆవిడకు బొత్తిగా ఇష్టం లేదు. బురుల్చా బతిమాలగా బతిమాలగా ఒక షరతు మీద ఒప్పుకుంది. "ఒక్క మాట పడ్డావని నా చెవిన పడిందా, ఆ రోజే పొయ్యి దగ్గరికి. మళ్లీ వాకిలి దాటితే ఒట్టు."

ఆ పిల్లకు మా హాలంటే ప్రాణం. ఇంట్లో తల దించుకొని నిలబడాలి, ఇక్కడ కుర్చీలో కూర్చోవచ్చు. ఇంట్లో "ఏయ్ పిల్లా", ఇక్కడ బురుల్చా. ఇక్కడ గట్టిగా నవ్వొచ్చు. ఆమె నవ్వితే పక్క గదిలో నా పెన్సిలు ఆగిపోయేది. నన్ను ఎజే, అంటే అక్కా, అని పిలిచేది. పని కూడా చకచకా నేర్చుకుంది. ఒక్కటే చిక్కు, అదీ ఎవరూ ఊహించనిది.

కోడలు మామగారి పేరు పలకకూడదు. మా కొండల్లో అది పుట్టుకతో వచ్చే భయం. ఆయన పేరే ఉన్న వేరే మనిషి ఎదురైనా ఆ పేరుతో పిలవదు, ఇంకేదో అని సర్దుకుంటుంది. బురుల్చా మామగారి పేరు ఇసాకున్. ఆ వసంతంలో ఆమె బల్ల మీదికి వచ్చిన జిల్లా కాగితాల్లో ఎవరు శపించారో గానీ, ప్రతి మూడో కాపరిదీ ఇసాకున్ అనే పేరే.

పేరు పలికితేనే తప్పు. అలాంటిది పేరుకు చిల్లులు పొడవడం! ఆమెకు చేతులు రాలేదు. ఇసాకున్ అని ఉన్న ప్రతిచోటా, తండ్రి పేరుతో సహా వదిలేసి, ఎంతో నిష్ఠగా 'మామగారు' అని కొట్టింది. ఆ కార్డులు సరిచూడాల్సిన అమ్మాయి కూడా ఒకింటి కోడలే. చూసింది. 'పాపం, మరి ఎలా రాస్తుంది,' అనుకుంది. వదిలేసింది.

యంత్రానికి ఇవేమీ తెలియవు. ఒకే పేరు మీదున్న గొర్రెల్ని ఒకచోట కూడమని నేను దానికి నేర్పాను. కూడింది. కాగితం ఫ్రూంజెకి వెళ్లింది. అక్కడ ఈసారి ఎవరో చదివారు.

డైరెక్టరు గదిలో ఫోను మోగింది. ఆయన గొంతు పెద్దది, ఫోనులోని గొంతు ఇంకా పెద్దది, తలుపు తెరిచి ఉంది.

"ఒస్మోన్‌కులోవ్! శుభాకాంక్షలు! రిపబ్లిక్ మొత్తానికి మొదటి కాపరి మీ దగ్గరున్నాడయ్యా! ఒక్కడే ముప్పై వేల గొర్రెలు కాస్తున్నాడు. పతకం ఖాయం. మోటారుసైకిలు కూడా ఇస్తున్నాం. పేరు మాత్రం కాస్త విచిత్రంగా ఉంది. ఈ కామ్రేడ్ మామగారు ఎవరు?"

"ఎవరి మామగారండీ?"

"అదే నేనూ అడుగుతున్నాను."

ఎవరూ ఎవరికీ జవాబు చెప్పేలోపే జిల్లా పత్రిక వాళ్లు మొదటి పేజీ అచ్చువేసేశారు: 'కామ్రేడ్ మామగారి బాటలో ముందుకు సాగుదాం!' ఇదే మాటను ఎర్రగుడ్డ మీద రాసి జిల్లా కార్యాలయం గుమ్మానికి కట్టారు. ఇద్దరు కాపరులు మామగారి పద్ధతిని అనుసరిస్తామని ప్రతిజ్ఞ కూడా చేశారు. పతకం జేబులో వేసుకొని ఆ మహానుభావుణ్ణి వెతకడానికి వెళ్లిన అధికారి, మూడు లోయలు తిరిగి, ప్రతి గుడారంలో ఎవరో ఒకరి మామగారిని కలిసి, పులిసిన గుర్రప్పాల కుమిస్ తాగి తాగి పొట్ట పట్టుకొని తిరిగొచ్చాడు.

అప్పుడు ఫ్రూంజెలో నవ్వు ఆగి కోపం మొదలైంది. విచారణకు మనుషులు వస్తున్నారని కబురొచ్చింది. తప్పు ఎవరిదో తేల్చి, ఆ మనిషి పేరు సభలో చదివి, పత్రికలో వేసి, ఉద్యోగంలోంచి తీసేస్తారట. ఎర్రగుడ్డ కట్టిన జిల్లావాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా చదవరట.

ఎవరిదో తేల్చడానికి విచారణ ఎందుకు? హాల్లో అందరికీ తెలుసు ఇసాకున్ కోడలెవరో. బురుల్చా ముఖం పాలిపోయింది. చిల్లులు పొడిచే యంత్రంలో కార్డు లేకుండానే మీటలు నొక్కుతూ కూర్చుంది.

"జిపార్ ఎజే, నా పేరు సభలో చదివితే మా అత్తకు తెలిసిపోతుంది కదా?"

"తెలుస్తుందేమో," అన్నాను. అంతకన్నా మంచి అబద్ధం తోచలేదు.

"అయితే ఇంక నేను ఇక్కడికి రానన్నమాట," అని, తను కూర్చున్న కుర్చీ చేతిని ఎవరో తీసుకుపోతారేమోనన్నట్టు పట్టుకుంది.

అప్పుడు వచ్చాడు షార్షెన్ బైకే. అచ్చు కాగితం చేత్తో పట్టుకొని, పెదాలు కదుపుతూ చదివాడు. "మామగారట! విన్నారా? చదువుకున్నదనే అనుకున్నాను గానీ, కోడలికి ఇంత సంప్రదాయం తెలుసనుకోలేదు!"

నాకు ఒళ్లు మండింది. "బైకే, మీ తమాషాలు కట్టిపెట్టండి. ఈసారి కోడలి పని అంటే ఎవరూ నమ్మరు. అట్టల మీద చిల్లులున్నాయి. 'మామగారు' అని ఉంది వాటి మీద. యంత్రం చిల్లులు పొడవదు."

"ఏ అట్టలు?"

"ఆ పెట్టెలోవి!"

"ఓ, ఈ పెట్టెలోవా," అని పెట్టెను చంకలో పెట్టుకొని, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. భోజనాల వేళ అంతా బయటికి వెళ్లినప్పుడు, మూసిన తలుపు వెనక చిల్లుల హాల్లో మీటల చప్పుడు వినిపించింది. రెండు వేళ్లతో కొడుతున్న చప్పుడు. ఊరు మునుగుతుంటే ఈయనకు ఆటలు అనుకున్నాను.

మర్నాడు విచారణవాళ్లు దిగారు. మంత్రిత్వ శాఖ నుంచి కల్మతోవ్ అని ఒక కుర్రాడు, కొత్త తోలు సంచీ, సంచీ కన్నా కొత్త మీసం. ఆయన వెంట, యంత్రాన్ని పరీక్షించడానికి, దాన్ని తయారుచేసిన ఫ్యాక్టరీ నుంచి లీదియా అర్కాద్యెవ్నా అనే పెద్దావిడ. ఆవిడ మా యంత్రం వైపు చూసిన చూపులో, చాలాకాలానికి కూతుర్ని చూడటానికి వచ్చిన తల్లి కనిపించింది.

"చేసిన మనిషి ఎవరు?" అన్నాడు కల్మతోవ్, కూర్చోకుండానే.

"ఇక్కడే ఉంది, పరిచయం చేస్తాను రండి," అని షార్షెన్ బైకే వాళ్లను నేరుగా యంత్రం గదికి తీసుకెళ్లాడు. తలగుడ్డ కట్టిన బీరువా ముందు ఆగాడు. "ఇదే. మా కోడలు."

డైరెక్టరు కళ్లు మూసుకున్నాడు.

"షార్షెన్ మంబెతోవిచ్," అంది లీదియా అర్కాద్యెవ్నా, "యంత్రానికి మామా తెలియదు, అత్తా తెలియదు. కార్డులో ఏముంటే అదే చదువుతుంది."

"అయితే కార్డులు చూడండమ్మా."

ఆవిడ పెట్టెలోంచి ఒక కార్డు తీసి వెలుతురుకు పెట్టింది. ఆవిడ చిల్లుల్ని మనం అక్షరాలు చదివినట్టు చదువుతుంది. "ఇసాకున్," అంది. ఇంకోటి తీసింది. "ఇసాకున్." అడుగు నుంచి ఒకటి లాగింది. "ఇది కూడా ఇసాకునే." నేను నోరు తెరిచాను. గుమ్మంలో నిలబడ్డ బురుల్చా తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుంది.

కార్డులు యంత్రానికి పెట్టారు. యంత్రం రొద పెట్టింది. కాగితం కదిలింది.

మామగారు. మామగారు. మామగారు.

"మళ్లీ!" అంది లీదియా అర్కాద్యెవ్నా, ముఖం ఎర్రబడింది.

మామగారు. మామగారు.

"చెప్పానా," అన్నాడు షార్షెన్ బైకే దిగులుగా. "కొట్టినా చంపినా పేరు పలకదు. కరెంటు ఆపి పస్తు పెట్టి కూడా చూశాను."

కల్మతోవ్‌కి పట్టుదల వచ్చింది. "నా పేరు కొట్టండి, చూద్దాం." కొట్టారు. యంత్రం కాస్త ఆలోచించినట్టు ఆగి, 'చిన్న మరిది' అని అచ్చువేసింది. కల్మతోవ్ ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మా ఊళ్లో వదినలు నన్నిలాగే పిలుస్తారు," అన్నాడు మెల్లగా. అప్పటిదాకా అధికారి, ఆ తర్వాత చుట్టం. వదిన మీద విచారణ చేయడానికి ఏ మరిదికి మనసొప్పుతుంది? డైరెక్టరు పేరు కొడితే 'పెద్ద బావగారు' అని వచ్చింది. ఒస్మోన్‌కులోవ్ కళ్లు తెరిచి, కోటు సర్దుకొని, ఈ కేంద్రంలో తనకు మర్యాద ఇచ్చేది ఇదొక్కటేనన్నట్టు యంత్రానికి తల పంకించాడు.

చివరికి లీదియా అర్కాద్యెవ్నా తన పేరు తనే కొట్టుకుంది. యంత్రం ఆవిడ పేరూ, ఆవిడ తండ్రి పేరూ తప్పు లేకుండా అచ్చువేసింది.

"నాతో వరస కలపలేదేం?"

"మీరు పుట్టింటివారు కదమ్మా," అన్నాడు షార్షెన్ బైకే.

తీర్పు మధ్యాహ్నానికి వచ్చేసింది. తప్పు యంత్రానిది. మనుషులెవరి తప్పూ లేదు, యంత్రాన్ని సరిగా చూసుకోని పెద్ద ఇంజనీరుది తప్ప. ఆయన్ని పెద్ద ఇంజనీరు స్థానం నుంచి మామూలు ఇంజనీరుగా దించారు. ఫోటో మళ్లీ కిందికి దిగింది, ఈసారి మేకుతో సహా. "కోడల్ని సరిగ్గా పెంచుకోలేకపోయాను, ఒప్పుకుంటున్నాను," అని ఆయన చేతులు కట్టుకున్నాడు. మేమంతా నేల చూపులు చూశాం.

సరిగ్గా అప్పుడే ముందు వాకిలి దడాల్న తెరుచుకుంది. లెక్కల కేంద్రంలో ఎవరో కోడలు జిల్లా గొర్రెలన్నీ మామగారి పేర రాసేసిందని బజారులో పాకింది. ఆ గొంతు మనిషి కన్నా ముందొచ్చింది.

"నా కోడలేదీ? ఏయ్ పిల్లా! చెప్పులేసుకో! పద ఇంటికి!"

"రండి సైరకాన్ ఎజే, సమయానికొచ్చారు," అని షార్షెన్ బైకే ఎదురెళ్లాడు. "ఆ పని చేసిన కోడల్ని చూద్దురు గాని."

"ఏరా షార్షెన్, నా కోడలు కాదూ?"

"మీ కోడలా! మీ పిల్లకి అంత ధైర్యమెక్కడిది? మా కోడలు ఎజే. రండి."

సైరకాన్ యంత్రం చుట్టూ ఒకసారి తిరిగింది. తలగుడ్డ చూసింది. బీరువా మీద చేత్తో తట్టింది. "ఇదా? ఇంత లావుందేంరా?"

"కూర్చునే పని కదా ఎజే."

"అసలేం చేసింది?"

"ఇసాకున్ అనే పేరు పలకమన్నాం. పలకనంది. మామగారు అంది. ఫ్రూంజె నుంచి వచ్చిన పెద్దవాళ్లు నిలబెట్టి అడిగారు. అయినా పలకలేదు. ఉద్యోగం పోతుందన్నాం. ఊహూ."

సైరకాన్ మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం నారిన్‌లో అదే మొదటిసారి. తర్వాత చెయ్యి చాచి, బీరువా మీద పక్కకు జారిన తలగుడ్డను సర్ది, గట్టిగా ముడి వేసింది. "ఇనుముదైతేనేం, మంచి ఇంట్లో పుట్టింది," అంది. అని కోడలి వైపు తిరిగింది. "చూసి నేర్చుకో. చదువుకున్నా మర్యాద ఎలా ఉందో! రేపట్నుంచి దీని పక్కనే కూర్చుని పని చెయ్యి. సెలవులు అవీ అడిగావంటే ఊరుకోను."

"అలాగే అత్తా," అంది బురుల్చా తల వంచి. ఆ వంచిన తల ఎత్తడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. భుజాలు మాత్రం ఆగకుండా ఊగుతున్నాయి. నేను గోడకు తిరిగి నిలబడ్డాను, ఎందుకంటే నా పరిస్థితి ఇంకా అధ్వాన్నం.

సాయంత్రం కల్మతోవ్ కారులో కూర్చున్నాడు. లీదియా అర్కాద్యెవ్నా మాత్రం ఒక్క నిమిషం అని యంత్రం గదిలోకి వెళ్లింది, నన్నూ షార్షెన్ బైకేనీ కూడా పిలిచింది. తలుపు వేసింది.

"ఇసాకున్ కనబడితే 'మామగారు' అని అచ్చువేయమని దీనికి ఎవరో నేర్పి పెట్టారు," అంది. "కల్మతోవ్ వస్తున్నాడని కూడా వాళ్లకు ముందే తెలుసు. నేర్పింది తీసేశాను. ఆ అబ్బాయికి చెప్పను, వెళ్తూ వెళ్తూ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, పాడుచేయడం ఎందుకు." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "కానీ నేను దీన్ని మూల మూలా వెతికాను షార్షెన్ మంబెతోవిచ్. ఏ లోపమూ లేదు. ఎప్పుడూ లేదు. మింగిన గుర్రం, పారేసిన మేకలు, ఇన్నేళ్లు మీరు సభల్లో చెప్పినవి ఒక్కటీ ఇది చేయలేదు."

గోడ అవతల చిల్లుల హాల్లో అమ్మాయిలు కోట్లు తొడుక్కుంటూ కబుర్లాడుకుంటున్నారు. ఏటా ఫ్రూంజె సభలో ప్రతి కేంద్రం నుంచీ తప్పు చేసిందని ఎవరో ఒక అమ్మాయి పేరు చదివేవారు, ఆమె లేచి నిలబడేది. మా కేంద్రం వంతు వచ్చినప్పుడు మాత్రం ఎప్పుడూ లేచి నిలబడింది ఈయనే. మేం సిగ్గుతో బల్లల కింద దూరేవాళ్లం.

"ఇది నేను నా చేతులతో బిగించిన యంత్రం," అంది లీదియా అర్కాద్యెవ్నా. నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. "నోరు లేదు కదా అని, నలుగురిలో దీని పేరు ఇంతలా చెడగొడతారా? ఇది న్యాయమేనా?"

షార్షెన్ బైకే దీపం ఆర్పడానికి మీట మీద చెయ్యి వేసి అన్నాడు: "న్యాయం కాదమ్మా, కానీ పని అయ్యాక ఇది ఏ అత్తగారింటికీ వెళ్లక్కర్లేదు కదా."